నవారు లాంటి పట్టీ ఎక్కితే కాలు ఇంతగా ఎందుకు వణుకుతోంది?

వేపచెట్టు_నీడ
మా అబ్బాయి పుట్టినరోజుకు వాళ్ల మేనమామ స్లాక్‌లైన్ కిట్ పంపించాడు. రెండు చెట్ల మధ్య పట్టీ కట్టి దాని మీద నడిచే ఆట అది. పదిహేను మీటర్ల పట్టీ, రెండంగుళాల వెడల్పు, బిగించడానికి ఒక రాట్చెట్, చెట్టుకు చుట్టడానికి రెండు మందపాటి గుడ్డలు. అబ్బాయి రెండు రోజులు ఆడి మళ్లీ ఫోనులో పడ్డాడు. పిచ్చి ఇప్పుడు నాకు పట్టుకుంది. వయసు 43, బరువు 78. పెరట్లో వేపచెట్టుకూ, గేటు పక్కన ఉన్న ఇటుక స్తంభానికీ మధ్య మోకాలెత్తున కట్టాను. దూరం సుమారు 12 మీటర్లు.

సమస్య ఏమిటంటే, కాలు పెట్టి పైకి లేవగానే ఆ కాలు కుట్టు మిషను సూదిలా కొట్టుకుంటుంది. ఆపుదామంటే ఇంకా ఎక్కువవుతుంది. రెండు వారాలుగా రోజూ అరగంట పడుతున్నాను, లేస్తున్నాను. ఇప్పటిదాకా నా ఘనత మూడు అడుగులు. ఇది వయసు వల్లనా, బరువు వల్లనా, లేక నాకు నరాల జబ్బేమైనా ఉందా?

రెండోది ఫిర్యాదు. మొదట కాలనీ పార్కులో రెండు కానుగ చెట్ల మధ్య కట్టాను. కాపలాదారు వచ్చి, "బట్టలు ఆరేసుకోవడానికి ఇది ఇల్లు కాదు సార్" అని విప్పించాడు. పెరట్లో కడితే పక్కింటాయన గోడ మీద మోచేతులు ఆనించి, "ఈ వయసులో దొమ్మరాటా?" అని నవ్వాడు. మీలో ఎవరైనా దీన్ని నేర్చుకున్నారా?

గోడమీదిపిల్లి
మూడు అడుగులంటే కొలతలోనా, వేసిన అడుగులా? మొదటిదైతే కష్టం, రెండోదైతే పరవాలేదు.

వేపచెట్టు_నీడ
వేసినవే. మూడోది వేశానా, పడుతూ గాలిలో పెట్టానా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఫిజిక్స్_మాస్టారు
కాలి సంగతి తర్వాత. ముందు ఆ పట్టీని ఇటుక స్తంభం నుంచి విప్పండి. ఇప్పుడే విప్పండి, తర్వాత వచ్చి చదవండి.

లెక్క చెబుతాను. పట్టీ మధ్యలో మీరు నిలబడితే అది ఎంతో కొంత కిందికి దిగుతుంది. మీ బరువును పట్టీ పొడవుతో గుణించి, ఆ దిగిన లోతుకు నాలుగు రెట్లతో భాగిస్తే, రెండు చివర్లను పక్కకు లాగే బలం సుమారుగా వస్తుంది. మీ పట్టీ 40 సెంటీమీటర్లు దిగుతుందనుకుందాం. 78ని 12తో గుణిస్తే 936. దాన్ని 1.6తో భాగిస్తే 585. అంటే మీ 78 కిలోలు ఆ స్తంభాన్ని 585 కిలోల బరువుతో పక్కకు లాగుతున్నాయి. పట్టీ బాగా బిగించి 20 సెంటీమీటర్లే దిగేలా చేశారా, అది రెట్టింపై 1,170 కిలోలు అవుతుంది. ఇదంతా కదలకుండా నిలబడితే. ఎగిరితే ఇంకా పైకి పోతుంది.

ఇటుక స్తంభం మీద నిలువుగా ఎంత బరువైనా పెట్టండి, మోస్తుంది. పక్కకు లాగితే ఊడిన పన్నుతో సమానం. అది మీద పడితే ఇక అడుగులు లెక్కపెట్టే పని ఉండదు.

గోడమీదిపిల్లి
మా ఇంటర్మీడియట్ మాస్టారు కూడా ఇలా నవారు కట్టి చెప్పి ఉంటే బలాల పాఠం నాకు అర్థమై ఉండేది.

వేపచెట్టు_నీడ
మాస్టారూ, టార్చిలైటు పట్టుకుని వెళ్లి చూసి వచ్చాను. నేల నుంచి నాలుగో వరుస ఇటుకల దగ్గర, పట్టీ వైపు కాదు, దాని వెనక వైపు సిమెంటు పూత అడ్డంగా చీలింది. అగరొత్తి పుల్ల దూరేంత సందు. కింద ఎర్రటి పొడి రాలి ఉంది, చీమలు తవ్వాయనుకుని నిన్ననే మా ఆవిడ ఊడ్చేసింది. స్తంభాన్ని అరచేత్తో నెడితే కదిలింది. గేటు కూడా దానికే వేలాడుతోంది. పట్టీ విప్పేశాను. చేతులు ఇంకా చల్లగా ఉన్నాయి.

ఫిజిక్స్_మాస్టారు
ఆ గేటు దగ్గరికి పిల్లల్ని రానివ్వకండి. మేస్త్రీని పిలవండి. పూత పూసి సరిపెడతానంటే ఒప్పుకోవద్దు.

రాతికొండ
నేను భువనగిరి కొండ మీద రాళ్లెక్కడం నేర్చుకునేటప్పుడు మధ్యాహ్నం ఎండకు అందరూ నీడన కూర్చుంటే సీనియర్లు రెండు చెట్ల మధ్య పట్టీ కట్టేవారు. అలా అంటుకుంది నాకు. అసలు ఈ ఆట పుట్టిందే రాళ్లెక్కేవాళ్ల ఖాళీ సమయంలో.

చెట్టు గురించి నాలుగు మాటలు. మీ నడుము కన్నా సన్నని చెట్టుకు కట్టవద్దు. బెరడుకు నేరుగా పట్టీ తగలకూడదు, గోనెసంచి రెండు మడతలు వేసి చుట్టండి. బెరడు ఒరుసుకుపోతే చెట్టుకు అన్నం అందదు. వేప, చింత, మామిడి, రావి ఏదైనా పరవాలేదు, లోపల బోలు లేకపోతే చాలు. మునగ, బొప్పాయి వైపు చూడనే వద్దు.

గోడమీదిపిల్లి
మునగచెట్టు ఎక్కించేవాళ్లు మనకు ఎప్పుడూ ఉంటారు కాబట్టి ఈ హెచ్చరిక అవసరమే.

ఇసార్_ఒడ్డు
మ్యూనిక్‌లో ఉంటాను, ఆరేళ్లుగా ఇదే పని. ఇక్కడ ఎండ కాస్తే చాలు, పార్కుల్లో చెట్టుకో పట్టీ కనిపిస్తుంది. మీ కాలి సంగతి నేను చెబుతాను.

అది జబ్బు కాదు, అందరికీ వస్తుంది. పట్టీ ఎడమకు కదిలిందని కాలు గ్రహించి కుడికి లాగుతుంది. ఆ సమాచారం వెళ్లి రావడానికి పట్టే క్షణకాలంలోనే పట్టీ తానే కుడికి వచ్చేస్తుంది. మీ సవరణ ఆలస్యంగా చేరి దాన్ని ఇంకా కుడికి తోస్తుంది. మళ్లీ సవరణ, మళ్లీ ఆలస్యం. అదే మీ కుట్టు మిషను. బలవంతంగా ఆపుదామని కండరం బిగిస్తే సవరణ ఇంకా గట్టిగా జరుగుతుంది, వణుకు పెరుగుతుంది. కొన్నాళ్లు ఎక్కిదిగుతూ ఉంటే నాడులు ప్రతి చిన్న కదలికకూ బదులు చెప్పడం మానేస్తాయి. ఒకరోజు వణుకు దానంతట అదే పోతుంది. ఎప్పుడు పోయిందో కూడా తెలియదు.

చేయవలసింది ఇంతే. పట్టీ దూరం తగ్గించండి, ఆరేడు మీటర్లు చాలు. చెప్పులు విప్పండి. పాదం పట్టీకి అడ్డంగా కాదు, పొడవునా పెట్టండి, పట్టీ మడమ మధ్య నుంచి బొటనవేలి పక్కగా పోవాలి. మోకాళ్లు వదులుగా వంచండి. చేతులు భుజాల కన్నా పైకి. చూపు పాదాల మీద వద్దు, ఎదుటి చెట్టు మీద ఒక మచ్చ చూసుకుని దాన్ని వదలవద్దు. మొదటి వారం నడవవద్దు. ఒక్క కాలి మీద నిలబడి పది లెక్కపెట్టండి, తర్వాత రెండో కాలు. అది వచ్చాక నడక అడక్కుండానే వస్తుంది.

తూనీగ
కిందికి చూడకుండా ఎలా? రెండో అడుగు ఎక్కడ పెట్టాలో తెలియదు కదా.

ఇసార్_ఒడ్డు
పాదంతో తడుముకోవాలి. చీకట్లో మెట్లు దిగుతారే, అలా.

ఆటోనగర్_అబ్బాయి
ఆ కిట్టు ధర చూశాను, కళ్లు తిరిగాయి. మా దగ్గర లారీ సరుకు బిగించే పట్టీలు ఉంటాయి. అదే రెండంగుళాలు, అదే రాట్చెట్, చివర ఇనుప కొక్కేలు. దాంతో కట్టుకుంటే పోదా?

రాతికొండ
కొక్కెం ఉన్నది వద్దు. సరుకు కదలకుండా కూర్చుంటుంది, మనిషి ఎగిరెగిరి పడతాడు. పట్టీ ఒక్కసారి వదులై మళ్లీ బిగుసుకున్నప్పుడు కొక్కెం జారిందా, ఆ ఇనుము వడిసెలలో రాయిలా వస్తుంది. రాట్చెట్‌ను విప్పేటప్పుడు కూడా పెద్దవాళ్లే విప్పాలి, బలం మొత్తం ఒక్క దెబ్బకు వదులుతుంది. నా కుడిచేతి చూపుడువేలి గోరు అలాగే పోయింది.

ఆటోనగర్_అబ్బాయి
గోరు కథ తర్వాత నమ్మకం కుదిరింది. వద్దు.

పాతమంచం
అయితే నవారు? మా అటక మీద తాతగారి మంచం నవారు చుట్ట ఉంది. మీరందరూ నవారు నవారు అంటుంటే చేతులు దురద పెడుతున్నాయి.

రాతికొండ
ఆ నవారు నూలుది, ఎన్నేళ్ల నాటిదో తెలియదు. మంచానికి పాతిక వరుసలు కలిసి ఒక మనిషిని మోస్తాయి, ఇక్కడ ఒక్క వరుస మోయాలి, అదీ మాస్టారు చెప్పిన 585 కిలోల బిగువుతో. స్లాక్‌లైన్ పట్టీ నైలాన్‌తోనో పాలిస్టర్‌తోనో నేస్తారు. చూపుకు అక్కాచెల్లెళ్లు, బలంలో కాదు.

పాతమంచం
పోనీ పేరైనా మనది పెట్టుకోవచ్చు కదా. "నవారు నడక".

అడ్డగీత
"వదులు తాడు" అని ఎక్కడో చదివాను. అది తాడూ కాదు, మరీ వదులూ కాదు. నవారు నడకే నయం. ఎత్తు మీద కట్టేదాన్ని ఏమందాం?

గోడమీదిపిల్లి
"నవారు, అమ్మో".

శాన్‌హోసే_సుధ
ఈ ఆట పుట్టింది కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో, మా ఇంటి నుంచి నాలుగు గంటల ప్రయాణం. అక్కడ క్యాంప్ 4 అని రాళ్లెక్కేవాళ్ల విడిది ఉంది. మొదట వాళ్లు వాహనాలు నిలిపే చోట ఉండే గొలుసుల మీద నడిచేవారట. తర్వాత 1980ల మొదట్లో ఆడమ్ గ్రోసోస్కీ, జెఫ్ ఎలింగ్టన్ అనే ఇద్దరు కుర్రవాళ్లు రాళ్లెక్కేటప్పుడు వాడే పట్టీనే చెట్ల మధ్య కట్టారు. అదే ఇప్పుడు మన వేపచెట్టు గారి పెరట్లోకి వచ్చింది.

ఆ ఇద్దరే లాస్ట్ ఆరో స్పైర్ అనే రాతి స్తంభానికీ కొండ అంచుకూ మధ్య కట్టి నడవాలని చూశారు, కుదరలేదు. 1985లో స్కాట్ బాల్కమ్ దాటాడు. పొడవు 17 మీటర్లే, మీ పెరడు కన్నా కొంచెం ఎక్కువ. కింద లోయ మాత్రం సుమారు 880 మీటర్లు. నేను కింద నుంచి తల వెనక్కి వాల్చి ఆ సందును చూశాను. పట్టీ ఏదీ లేదు, ఉత్త గాలి. అయినా నా అరికాళ్లు చెమర్చాయి.

తూనీగ
పట్టీ లేకుండానే చెమర్చాయా! నాకు మీ పోస్టు చదివితేనే చెమర్చాయి.

నిజం_నిప్పు
ఇందులో గొప్ప ఏముంది? ప్రాణం మీద విలువ లేనివాళ్ల పని. పేరు కోసం చావడం. డీన్ పాటర్ అనే ఆయన అలా హైలైన్, అదే లోయల మీద ఎత్తున కట్టే పట్టీ, దాని మీద నుంచి పడే కదా పోయాడు.

శాన్‌హోసే_సుధ
కాదు. ఆయన 2015లో యోసెమిటీలోనే పోయాడు, కానీ కొండ అంచు నుంచి రెక్కల దుస్తులతో దూకుతూ. హైలైన్‌కూ దానికీ సంబంధం లేదు. హైలైన్ మీద ఆయన రక్షణ తాడు లేకుండా నడిచిన మాట మాత్రం నిజమే. దాన్ని నేను సమర్థించను.

ఇసార్_ఒడ్డు
నిజం_నిప్పు గారు, రక్షణ తాడు లేకుండా నడిచేవాళ్లు పిడికెడు మంది. మిగతా అందరూ నడుముకు హార్నెస్ అనే పట్టీల కట్టు బిగించుకుని, దాని నుంచి ఒక తాడు, ఆ తాడుకు లోహపు ఉంగరాలు, ఆ ఉంగరాల్లోంచి పట్టీ దూరేలా పెట్టుకుంటారు. పడితే ఉంగరం పట్టీని పట్టుకునే ఉంటుంది. అసలు పట్టీ తెగినా ఆపడానికి కింద వేరుగా కట్టిన మరో పట్టీ ఉంటుంది, ఉంగరాలు రెండింటినీ చుట్టి ఉంటాయి. పడటం ఈ ఆటలో ప్రమాదం కాదు, భాగం.

నిజం_నిప్పు
"పడటం భాగం" అన్నారు చూడండి, అదే నా భయం.

అడ్డగీత
ఇటలీలో సముద్రం దాటి ప్రపంచ రికార్డు కొట్టినాయన కూడా తాడుతోనే నడిచాడా?

శాన్‌హోసే_సుధ
తాడుతోనే. రికార్డు మాత్రం దక్కలేదు. యాన్ రూస్, ఎస్టోనియా మనిషి, 2024 జులైలో ఇటలీ ప్రధాన భూభాగానికీ సిసిలీకీ మధ్య మెస్సీనా జలసంధి మీద 3.6 కిలోమీటర్లు దాటాడు. పట్టీ వెడల్పు 1.9 సెంటీమీటర్లు. దాదాపు మూడు గంటలు నడిచి, ఇంకో 80 మీటర్లు ఉందనగా జారాడు. తాడు పట్టుకుంది. మళ్లీ ఎక్కి చివరిదాకా నడిచాడు. పడకుండా దాటితేనే రికార్డు కాబట్టి లెక్కకు రాలేదు.

గోడమీదిపిల్లి
మూడు గంటలు నడిచి 80 మీటర్ల దగ్గర! మా ఊరి బస్సు కూడా సరిగ్గా ఊరి పొలిమేరలోనే ఆగిపోతుంది.

శాన్‌హోసే_సుధ
అంతకు ముందు ఫ్రాన్సులో నాథన్ పోలాన్ 2022లో మోం సాన్ మిషెల్ దగ్గర 2.2 కిలోమీటర్లు నడిచాడు. 2021లో అదే మనిషి ఈఫిల్ టవర్ నుంచి సెయిన్ నది మీదుగా 600 మీటర్లు. ఆ ఏడాది చివర్లో బ్రెజిల్‌లో రఫాయెల్ బ్రీడీ రెండు వేడిగాలి బెలూన్ల మధ్య కట్టి నడిచాడు, భూమికి 1,901 మీటర్ల ఎత్తున. దాన్ని చూశాక నాకు లాస్ట్ ఆరో పెరటి గోడలా అనిపించింది.

ఫిజిక్స్_మాస్టారు
బెలూన్లది నిజంగా చిత్రమైన లెక్క. రెండు చివర్లూ కదులుతాయి, అతను నడిచే కొద్దీ బెలూన్లు దగ్గరవుతాయి, పట్టీ దిగుతుంది. రేపు తరగతిలో వేస్తాను.

ఎర్రమట్టి
పక్కింటాయన మాట దగ్గరికి వస్తాను. "దొమ్మరాట" అని నవ్వడం నాకు నచ్చలేదు. వేపచెట్టు గారిని కాదు, ఆ వాడుకనే అంటున్నాను.

చిన్నప్పుడు మా ఊళ్లో సంత రోజున వచ్చేవారు. రెండు వెదురు గడలు కత్తెర వేసి కట్టి ఒక పక్క, అలాగే ఇంకో పక్క. మధ్యలో మోకు. మోకు కొసలు నేలలో మేకులకు. ఒకాయన డోలు వాయిస్తుంటే, పదేళ్ల పిల్ల, నాకన్నా చిన్నది, పొడుగాటి గడ చేతుల్లో అడ్డంగా పట్టుకుని నడిచేది. తర్వాత తల మీద చెంబులు పెట్టుకుని. తర్వాత కాలి కింద పళ్లెం పెట్టి జరుపుకుంటూ. కింద పరుపు లేదు, నడుముకు తాడు లేదు. చివర్లో వాళ్లమ్మ జోలె పట్టేది. నేను నా పావలా దాచేసుకున్నాను. నలభై ఏళ్లయింది, ఆ పావలా ఇప్పటికీ గుర్తే.

ఐరోపాలో కుర్రవాడు నడిస్తే క్రీడ, మన ఊళ్లో ఆ పిల్ల నడిస్తే ఎగతాళి మాట.

ఇసార్_ఒడ్డు
ఆ కత్తెర గడలు మేమూ వాడతాం. కొండ అంచున పట్టీ రాతికి ఒరుసుకోకుండా ఎత్తి పట్టుకోవడానికి లోహపు గొట్టాలతో అలాంటి కాళ్లే నిలబెడతాం. మా బృందంలో వాళ్లకు మీ పోస్టు చదివి చెప్పాలి.

ఒక్క తేడా. మోకు గానీ సర్కస్ తీగ గానీ బిగుతుగా ఉంటుంది, కదలదు. మనిషి తన బరువును దాని మీదికి సర్దుకోవాలి, అందుకే చేతిలో గడ. స్లాక్‌లైన్ సాగుతుంది, ఊగుతుంది. ఇక్కడ పట్టీనే మన కిందికి తెచ్చుకుంటాం, గడ ఉండదు. కాబట్టి ఆ పిల్ల చేసింది వేరే విద్య. కాలి కింద పళ్లెం పెట్టి నడిచేవాళ్లను ఇక్కడ నేను చూడలేదు.

వేపచెట్టు_నీడ
ఎర్రమట్టి గారు, ఆ మాటకు నేను కూడా ఆయనతో కలిసి నవ్వాను. ఒప్పుకుంటున్నాను.

కోనసీమ_కొబ్బరి
మా వైపు పంట కాలువ మీద తాటి దుంగ వేసి అదే వంతెన అంటారు. వర్షాకాలంలో నాచు పడితే సబ్బు మీద నడిచినట్టే. మా మామ్మ నెత్తిన గడ్డిమోపుతో దాటేది. నేను కాలేజీ నుంచి బూట్లతో వచ్చి పడ్డాను. కాలువ మీద కొబ్బరిచెట్ల మధ్య పట్టీ కడితే ఎలా ఉంటుంది? పడినా నీళ్లే కదా.

రాతికొండ
నీళ్ల మీద కట్టి ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ నీళ్లు లోతు ఉండాలి, అడుగున మొద్దులూ రాళ్లూ ఉండకూడదు, ఈత రావాలి. పంట కాలువలో మోకాలి లోతు నీళ్లూ, దాని కింద ఏముందో ఎవరికీ తెలియని బురదా అయితే నేలే నయం. అన్నట్టు నేల మీద కట్టుకునేవాళ్లకే చీలమండలు బెణికేది ఎక్కువగా చూశాను. ఎత్తు లేదు కదా అని అజాగ్రత్త. పడబోతున్నారని తెలియగానే దూకేయండి, పట్టీతో పోట్లాడకండి.

తాటివనం
మా నాన్న గీత కార్మికుడు. ఈ ఉంగరం, తాడు గురించి చదువుతుంటే ఆయన మోకు గుర్తొచ్చింది. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ తిప్పిన మోకు మీద వెనక్కి వాలి ఎక్కేవాడు. ఆయన ప్రతిరోజూ ఎక్కేముందు మోకును కాలి కింద తొక్కి, రెండు చేతులతో లాగి, మెలిక మెలికా వేళ్లతో నొక్కి చూసేవాడు. తొందరలో ఉన్నా, జ్వరమున్నా. మా బాబాయి అలా చూసేవాడు కాదు. బాబాయి నడుం విరిగి పదకొండేళ్లు మంచంలో ఉన్నాడు.

2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య పేరుతో రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నాన్న పని మానేశాక వచ్చాయి. చేత్తో పట్టుకుని చూసి, "ఇది ఉంటే మీ బాబాయి నడిచేవాడు" అన్నాడు, అంతే.

నా ప్రశ్న ఏమిటంటే, ఆ హైలైన్ మీద తాడు ముడి ఎవరు చూస్తారు? కట్టుకున్నవాడేనా?

ఇసార్_ఒడ్డు
మంచి ప్రశ్న అడిగారు. కట్టుకున్నవాడు ఒకసారి, పక్కవాడు ఒకసారి. పక్కవాడు కళ్లతో చూస్తే చాలదు, చేత్తో పట్టుకుని లాగాలి. ఈ ఆటలో నాకు భయం పట్టీ తెగుతుందని కాదు, తాడు కట్టుకోవడం మరిచిపోయే మనిషిని చూసి.

నా మొదటిసారి చెబుతాను. ఆల్ప్స్‌లో, ఆస్ట్రియా వైపు. పట్టీ పొడవు 30 మీటర్లు, కింద లోయ. అప్పటికి పార్కులో 50 మీటర్లు అవలీలగా నడుస్తున్నాను, ఇదేముంది అనుకున్నాను. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ముడి వేసుకున్నాను, మా బృందంలో పెద్దావిడ వచ్చి ముడిలో వేలు పెట్టి తిప్పి చూసింది. "కూర్చుని జరుగు" అంది. పట్టీ మీద కూర్చుని చేతులతో ముందుకు జరుగుతుంటే ఉంగరం వెనకాల గీసుకుంటూ వస్తుంది. కింది పట్టీని పైదానికి కలిపి టేపు చుట్టిన ప్రతిచోటా టక్‌మని తగులుతుంది. ఆ టక్ టక్ తప్ప ఇంకేమీ వినిపించలేదు. నా ఊపిరి కూడా.

పది మీటర్లు జరిగి లేవబోయాను. పార్కులో వెనక చెట్లూ, గడ్డీ, కుక్కలూ ఉంటాయి, కంటికి ఆసరా. ఇక్కడ కళ్లు పట్టుకోవడానికి ఏమీ లేదు. కాలు మళ్లీ కుట్టు మిషనే, మొదటి రోజులాగే. పడ్డాను. ఒక గజం గాలి, తర్వాత నడుం దగ్గర మెత్తగా ఒక కుదుపు, తలకిందులుగా ఊగుతున్నాను. పైన పట్టీ, దాని పైన ఆకాశం. తాడు పట్టుకుని పాకి, పట్టీకి మోకాలు మెలేసి, మళ్లీ పైకి రావాలి. అది నడక కన్నా కష్టం. ఎనిమిదిసార్లు పడ్డాను, ఒక్కసారి కూడా పూర్తిగా నిలబడలేదు. తిరిగి వచ్చాక నీళ్ల సీసా మూత తిప్పడానికి వేళ్లకు బలం లేదు. పెద్దావిడే తిప్పి ఇచ్చింది.

రెండో ఏడాదికి అదే పట్టీ దాటాను.

తాటివనం
ముడిలో వేలు పెట్టి తిప్పడం. నాన్నకు చెబుతాను.

నిజం_నిప్పు
సరే, నా "పేరు కోసం" మాట వెనక్కి తీసుకుంటున్నాను. పిచ్చి మాట మాత్రం ఉంచుకుంటాను.

తూనీగ
మన దగ్గర ఎక్కడ కట్టవచ్చు? గండికోటలో పెన్నా లోయ మీద ఎవరైనా కట్టారా? ఆ ఎర్రటి రాళ్ల మధ్య ఊహించుకుంటేనే!

రాతికొండ
ఊహించుకోవడం వరకే. గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, రాతికి బోల్టు కొడితే నేరం. అనుమతి సంగతి పక్కన పెట్టినా, అక్కడి రాయి వేరు. అది క్వార్ట్‌జైట్, పలకలు పేర్చినట్టు చీలికలతో ఉంటుంది. లోయ అంచున మీరు బోల్టు కొట్టిన పలక కొండతో కలిసి ఉందో, ఊరికే ఆనుకుని ఉందో పైకి తెలియదు. భువనగిరిలా ఒకే గ్రానైటు ముద్ద అయితే వేరే మాట, అక్కడా అనుమతి కావాలి. రెండు మూడేళ్లు నేల మీద ఆడి, కట్టడం తెలిసినవాళ్ల దగ్గర శిష్యరికం చేసిన తర్వాతి సంగతి ఇది. వీడియో చూసి హైలైన్ కట్టినవాళ్ల పక్కన నేను నిలబడను కూడా.

తూనీగ
అర్థమైంది. ముందు మా మేడ కింద మామిడిచెట్టు.

గోడమీదిపిల్లి
రెండో చివర?

తూనీగ
అదే ఆలోచిస్తున్నాను. ఇటుక స్తంభం ఒకటి ఉంది.

ఫిజిక్స్_మాస్టారు
తూనీగా!

తూనీగ
హాస్యానికి అన్నాను మాస్టారూ.

వేపచెట్టు_నీడ
మూడు వారాల తర్వాత వచ్చాను. పార్కు కాపలాదారుతో రాజీ కుదిరింది. ఉదయం ఆరు నుంచి ఏడు, గోనెసంచి చుట్టాలి, పట్టీకి ఎర్ర గుడ్డ కట్టాలి, నడకకు వచ్చే పెద్దవాళ్లు తట్టుకుని పడకుండా. గుడ్డ ఆలోచన ఆయనదే. రెండు కానుగ చెట్ల మధ్య ఏడు మీటర్లు.

ఇసార్_ఒడ్డు గారు చెప్పినట్టు వారం రోజులు నడవలేదు, నిలబడ్డాను. ఎదుటి కానుగ మీద ఒక కణుపు ఉంది, దాన్నే చూస్తాను. ఇప్పుడు కళ్లు మూసుకున్నా దాని ఆకారం గీయగలను. మొన్న మంగళవారం ఎడమ కాలి మీద పద్నాలుగు లెక్కపెట్టాక గమనించాను, వణుకు లేదు. ఎప్పటి నుంచి లేదో తెలియదు. ఆ సంతోషంలో పడ్డాను.

నిన్న చెట్టు నుంచి చెట్టు దాకా వెళ్లాను, పదకొండు అడుగులు. కాపలాదారు సాక్షి. "దిగేటప్పుడు కొంచెం మర్యాదగా దిగండి సార్" అన్నాడు.

ఇసార్_ఒడ్డు
ఏడు మీటర్లు పదకొండు అడుగులా? అంగలు పెద్దవి వేస్తున్నారు. తగ్గించండి. ఇప్పుడు వెనక్కి తిరగడం నేర్చుకోండి, దిగకుండా.

ఆటోనగర్_అబ్బాయి
పక్కింటాయన ఏమన్నారు?

వేపచెట్టు_నీడ
ఆయన రేపు పార్కుకు వస్తానన్నాడు. చూడటానికేనట. చెప్పులు ఎక్కడ విప్పాలి అని మాత్రం అడిగాడు.

స్తంభం పని ఇంకా ఉంది. మేస్త్రీ పునాది దాకా తవ్వి మళ్లీ కట్టాలి, ఇనుప చువ్వలు వేయాలి అంటున్నాడు. కూలీతో కలిపి 14,500. మాస్టారూ, మీ లెక్క ఒక కాగితం మీద రాసి పంపగలరా? మా బావమరిదికి చూపించాలి. కిట్టు బహుమతి ఆయనది కాబట్టి స్తంభం కూడా ఆయన ఖాతాలోనే.

ఫిజిక్స్_మాస్టారు
పంపుతాను. కానీ అందులో ముడి వేసినవాడి పేరు కూడా రాయవలసి వస్తుంది.